జరిగిపోయిన శంకుస్థాపన

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర బట్టల కొట్టు మేడ మీద సింధూరి ఆఫీసు. 'సింధూరి పీఆర్ సర్వీసెస్' అని బోర్డు రాయించిన రోజు నుంచీ ఆమెకు తిప్పలు మొదలయ్యాయి. మన వైపు పీఆర్ అంటే పంచాయతీరాజ్. దానికి ఇంకో అర్థం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. కల్వర్టు కూలిందనీ, రోడ్డు గోతులు పడిందనీ అర్జీలు పట్టుకుని జనం మెట్లెక్కి వచ్చేవారు. "ఇది ఆ ఆఫీసు కాదండీ, పబ్లిక్ రిలేషన్స్" అంటే, "పబ్లిక్ పనే కదమ్మా, ఉంచు" అని అర్జీ బల్ల మీద పెట్టి దిగిపోయేవారు.

ఇంట్లోనూ అదే తంతు. తరతరాలుగా చింతపండు, బెల్లం హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్న కుటుంబం. అమ్మేదేదైనా కంటికి కనబడాలి, కాటాకు రావాలి. కూతురు ఏం అమ్ముతోందో తండ్రికి ఇన్నేళ్ళైనా అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే "పేపరోళ్ళతో ఏదో పని సేస్తాదిలెండి" అని మాట తప్పించేవాడు. విశాఖపట్నంలో ప్రజాసంబంధాల వృత్తిదారుల సంఘం ఒకటుంది. అందులో సభ్యత్వానికి సింధూరి రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. చిన్న ఊళ్ళ ఏజెన్సీలకు వృత్తి ప్రమాణాలు తెలియవని రెండుసార్లూ తిప్పికొట్టారు. ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. నాదీ ఒక వృత్తేనని పెద్దవాళ్ళు ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేది.

ఆమె పని అర్థమైన మనిషి మేనమామ ధర్మారావు ఒక్కడే. చాలాకాలం నెల్లిమర్ల విలేకరిగా చేసి మానేశాడు. ఇప్పుడు పొద్దున్నే పేపర్లన్నీ తెచ్చుకుని మేనకోడలి ఆఫీసులో కూర్చుని ఆసాంతం చదువుతాడు. ప్రెస్ నోట్ రాయడం ఆమెకు నేర్పింది ఆయనే, అందులోని కిటుకు నేర్పిందీ ఆయనే.

ఆ కిటుకు ఇది. పేపర్లో జిల్లా పేజీని సాయంత్రానికల్లా కట్టేస్తారు. మీ సభ సాయంత్రం అయితే నోట్ మధ్యాహ్నమే పేపరు ఆఫీసు డెస్కుకు చేరాలి. "ప్రారంభించనున్నారు" అని రాస్తే ఏ అడుగునో నాలుగు ముక్కలు పడతాయి. "ప్రారంభించారు" అని రాస్తే ఫోటోతో సహా పైన పడుతుంది. కాబట్టి జరగబోయేదంతా జరిగిపోయినట్టే రాసి పంపాలి. పెద్దమనిషి ఏమన్నాడో, జనం ఎలా చప్పట్లు కొట్టారో, ఏ ముసలమ్మ కన్నీళ్ళు పెట్టుకుని ఏమని దీవించిందో, అన్నీ ముందే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, మా జిల్లా పేజీల్లో రోజుకో సోమలింగం పుడుతుంటాడు. దీన్ని అబద్ధమని ఇక్కడ ఎవరూ అనరు. 'ముందస్తు' అంటారు. చాలావరకు ఏ గొడవా ఉండదు, ఎందుకంటే చాలావరకు మనుషులు వస్తామన్న చోటికి వస్తారు.

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున దిబ్బలపేట అని ఒక ఊరు. అక్కడి బోర్లన్నీ ఉప్పెక్కిపోయాయి. మంచినీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డెక్కి ట్యాంకరు కోసం కాసుకోవాలి. ఊరి పక్కనే రొయ్యలు ఒలిచి విదేశాలకు పంపే ఉత్తుంగ ఫుడ్స్ కంపెనీ. దాని ఎండీ యుగంధర్ గారే సింధూరికి దొరికిన పెద్ద క్లయింటు. ఊరికి మంచినీళ్ళ ప్లాంటు కట్టిస్తాను, బుధవారం సాయంత్రం శంకుస్థాపనకు వస్తున్నాను అని ఆయన చెప్పగానే సింధూరి అలవాటు ప్రకారం మధ్యాహ్నమే నోట్ పంపేసింది. మూడు నెలల్లో ప్లాంటు పూర్తి చేస్తామని ఎండీ హామీ ఇచ్చారని రాసింది. చివర్లో జగ్గమ్మ అనే వృద్ధురాలిని కూడా పుట్టించింది. "పుట్టినకాడినుంచీ ఉప్పునీళ్ళే తాగినాను, సచ్చేలోపల మంచినీళ్ళు పోస్తన్నాడు ఈ బాబు" అని జగ్గమ్మ కంటతడి పెట్టుకుందట. ఎండీ ఎక్కడో కొబ్బరికాయ కొట్టిన పాత ఫోటో ఒకటుంటే దాన్ని జత చేసింది.

కాసేపటికే కుంభవృష్టి పట్టుకుంది. ఎండీ ఎక్కాల్సిన విమానం హైదరాబాదులోనే ఆగిపోయింది. సింధూరి కంగారుగా డెస్కుకు ఫోన్ చేస్తే, "పేజీ ప్రింటుకి పోయిందండీ, రేపు సవరణ వేద్దాంలెండి" అన్నారు. మర్నాడు పేపర్లన్నిటిలోనూ శంకుస్థాపన దివ్యంగా జరిగింది.

పొద్దున్నే ఎండీ నుంచి ఫోన్. తిడతాడేమోనని సింధూరి భయపడుతూ ఎత్తింది.

"అదరగొట్టారండీ! బయటి దేశాల కొనుగోలుదార్లకి కూడా పంపించాను. చాలా మెచ్చుకున్నారు."

"మరి శంకుస్థాపన ఎప్పుడు పెట్టుకుందాం సార్?"

"మళ్ళీనా? అయిపోయిందిగా! ఒకే ప్లాంటుకి రెండుసార్లు కొబ్బరికాయ కొడితే జనం నవ్వరూ?"

 ఆయన మాటలో తప్పు ఎక్కడుందో సింధూరికి వెంటనే దొరకలేదు. "అయితే ప్లాంటు సార్?" అంది.

"చూద్దాం. శంకుస్థాపన అయింది కదా, ఇంక తొందరేముంది?"

ఆమె సవరణ కోసం మళ్ళీ డెస్కుకు ఫోన్ చేసింది. "కంపెనీవాళ్ళు అడిగారా?" అన్నాడు సబ్ ఎడిటర్. లేదంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అని పెట్టేశాడు. ధర్మారావు పేపరు మడిచి మేనకోడలి వైపు అదోలా చూశాడు.

"ఒసే, జరగబోయేది రాస్తే ముందస్తు. జరగందాన్ని రాస్తే ముందస్తు అనరే."

"మరేమంటారు మావయ్యా?"

"నాకూ తెల్దు. మా రోజుల్లో ఇలగ అవ్వలేదు. ఎవుడో ఒకడు వచ్చేవోడు."

సింధూరి తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. దిబ్బలపేట వైపు వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. నెలలు గడిచాయి, ప్లాంటు ఊసు లేదు. తప్పు ఎవరిదో తేల్చుకోలేకపోయింది. రానివాడిదా, వచ్చాడని రాసినదానిదా, పేపర్లో వేసినవాళ్ళదా? ఒకరోజు అందరిదీ అనిపించేది, ఇంకోరోజు వానదే అనిపించేది.

ఇలా ఉండగా విశాఖ నుంచి ఫోన్. వృత్తిదారుల సంఘం. ఈ ఏటి వృత్తి ప్రమాణాల పురస్కారానికి దిబ్బలపేట మంచినీటి కార్యక్రమం ఎంపికకు దగ్గర్లో ఉందట. కంపెనీయే పోటీకి పంపిందట, ప్రచార బాధ్యురాలిగా సింధూరి పేరు పెట్టిందట. ఎంపికైతే సభ్యత్వం కూడా ఇచ్చేస్తారట. న్యాయనిర్ణేతల పెద్ద గౌరి గారు, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, ఊరు చూడ్డానికి వస్తున్నారట. సింధూరి వెంట ఉండి, నోట్‌లో రాసిన ప్రతి మాటా నిజమేనని ఆవిడ ముందు చెబితే చాలట.

ఇన్నేళ్ళు ఏ గుర్తింపు కోసం ఎదురుచూసిందో అది వచ్చి తలుపు కొట్టింది, అదీ ఏ పని చెయ్యనందుకు! సింధూరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఎలాగూ ఊళ్ళోకి వెళ్ళగానే బండారం బయటపడుతుంది. శంకుస్థాపన రాయీ ఉండదు, జగ్గమ్మా ఉండదు. పరువు పోయేదేదో ఒక్కసారే పోతుంది అనుకుని కారెక్కింది. దారి పొడుగునా గౌరి గారు ఆమె రాసిన నోట్ మెచ్చుకుంటూనే ఉన్నారు. "జగ్గమ్మ మాట నాకు బాగా నచ్చింది. అలాంటి మాటలు కల్పించలేం" అన్నారు. సింధూరి కిటికీలోంచి సరుగుడు తోటలు చూస్తూ ఊఁ కొట్టింది.

దిబ్బలపేటలో కారు దిగేసరికి ఊరి మొదట్లో శిలాఫలకం ఉంది. సిమెంటు దిమ్మె, దాని మీద నల్లరాయి, ఎండీ పేరు, ఆ బుధవారం తేదీ. రాతికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. నోట్ రాసినావిడా, పరిశీలించే ఆవిడా వస్తున్నారని కంపెనీ నుంచి ముందే కబురందినట్టుంది, పక్కనే పొదుపు సంఘం ఆడవాళ్ళు నిలబడ్డారు.

"రండమ్మా రండి" అంటూ ముందుకు వచ్చింది సంఘం నాయకురాలు దుర్గాభవాని. "ఎండీగారు ఇక్కడే కాయ కొట్టినారు. ఆరోజు ఏటి వానా, ఏటి వానా! తడిసిపోయినా కదల్నేదు బాబు. మూడు నెల్లలో కడతానని మా అందరి ముందరా సెప్పినారు."

"జగ్గమ్మ గారు ఉన్నారా?" అన్నారు గౌరి గారు.

గుంపు లోంచి ఒక ముసలామె ముందుకొచ్చింది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "పుట్టినకాడినుంచీ ఉప్పునీళ్ళే తాగినాను, సచ్చేలోపల మంచినీళ్ళు పోస్తన్నాడు ఈ బాబు" అంది. అని, బొటబొటా కన్నీళ్ళు కార్చింది.

 ఆ మనిషిని సింధూరి బల్ల దగ్గర కూర్చుని కల్పించింది. ఆ మాటలు టీ తాగుతూ రాసింది. ఒకవేళ ఆ రోజు ఎండీ నిజంగానే వచ్చాడా, తనకే తెలియలేదా? గౌరి గారు బోరు నీళ్ళు చూడ్డానికి కదలగానే దుర్గాభవానిని పక్కకి లాగింది.

"ఈ రాయి ఎక్కడిది?"

"మేవే పెట్టినాం. పేపర్లో పడ్డాక ఊళ్ళో నేకపోతే బాగుంటాదేటి?"

"ఆ జగ్గమ్మ?"

"మా ఊళ్ళో జగ్గమ్మనే మనిసే నేదమ్మా. సూరమ్మకి ఏడుపు బేగి వస్తాదని ఆవిణ్ణి పెట్టినాం."

"ఆయన రాలేదు కదా! వచ్చాడని ఎందుకు చెబుతున్నారు?"

దుర్గాభవాని గొంతు తగ్గించింది కానీ కోపం తగ్గించలేదు. "సోమవారం సోమవారం కలెక్టరాఫీసుకి ఎల్తన్నాం. ఈ పేపరు సూపిస్తన్నాం. పేపర్లో అబద్దం రాస్తారేటి బాబూ, మాటిచ్చినాడు కదా, ప్లాంటు ఏదీ అని అడుగుతన్నాం. మా సేతిలో ఉన్నది అదొక్కటే. శంకుస్థాపన అవనేదంటే మాటా నేదు, నీళ్ళూ నేవు. నువ్వే రాసినావు. ఇప్పుడు నువ్వే కాదని సెప్పకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

కుడితిలో పడ్డ ఎలుకకైనా ఒక గట్టు కనబడుతుంది, సింధూరికి అదీ లేదు. అవునంటే తనకు పురస్కారం, ఊరికి ఒక ఆశ; కానీ అవునన్నాక ఎండీ ఆ పురస్కారం గోడకు తగిలించుకుని ప్లాంటు సంగతి మళ్ళీ ఎత్తడని ఆమెకు తెలుసు. కాదంటే తన పరువూ పోతుంది, వీళ్ళ చేతిలోని ఒక్క ఆధారమూ పోతుంది. నిజం చెబితే వృత్తి ప్రమాణం నిలబడుతుంది, బిందె మాత్రం నిండదు. ఇలాంటి ప్రమాణం ఎవరికోసం?

అంతలో గౌరి గారు తిరిగొచ్చారు. దోసిట్లో పోసుకున్న బోరు నీళ్ళు నోట్లో వేసుకుని ఉమ్మేసినట్టున్నారు, కొంగుతో మూతి తుడుచుకుంటున్నారు. "అయితే సింధూరీ, నోట్‌లో రాసినదంతా నిజమేనా?" అన్నారు.

సూరమ్మ ఇంకా కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. దొంగ ఏడుపని తెలిసీ సింధూరి చూడలేకపోయింది. ఈ ముసలామె తను రాసిన మాట ఎన్ని సోమవారాలు ఎన్ని గుమ్మాల దగ్గర అప్పజెప్పిందో! రాని నీళ్ళకు, రాని మనిషికి, చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పిందే! ఆ సిగ్గు ముందు మిగతా లెక్కలన్నీ చెదిరిపోయాయి.

"లేదండీ" అంది. "ఆయన రాలేదు. నేను ముందే రాసి పంపేశాను. ఫోటో పాతది. జగ్గమ్మని నేనే పుట్టించాను."

 దుర్గాభవాని విరుచుకుపడింది.

"ఓలమ్మో! ఈవిడకి మతి పోనాదేటి? ఎండీగారు వచ్చినారు! కాయ కొట్టినారు! ఈవిడ ఆరోజు ఇక్కడ నేదు, ఈవిడికేటి తెలుసు?"

"వచ్చినారు, వచ్చినారు" అన్నారు ఆడవాళ్ళంతా. సూరమ్మ మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది. గౌరి గారు ఒకసారి ఊరి వైపూ, ఒకసారి సింధూరి వైపూ చూసి కారెక్కారు. సింధూరి కూడా ఎక్కుతుంటే వెనక నుంచి దుర్గాభవాని మాట వినిపించింది. "మా నోటికాడి నీళ్ళు నేలపాలు సేసీనావమ్మా."

కారు పెద్దరోడ్డెక్కాక గౌరి గారు నోరు విప్పారు. "చెయ్యని పని చేశామనేవాళ్ళను చాలామందిని చూశాను. చేసిన పని చెయ్యలేదనేదాన్ని నిన్నే చూస్తున్నాను. ఊరంతా అబద్ధం చెబుతోందంటావా?"

"అవునండీ. నా అబద్ధమే చెబుతోంది."

 "నాకు అక్కడే అనుమానం వచ్చిందిలే" అన్నారు గౌరి గారు. "జగ్గమ్మ పేపర్లో ఉన్న మాట పొల్లు పోకుండా చెప్పింది. ఎవరూ తమ మాటను రెండోసారి అలా చెప్పలేరు. కానీ ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నాక ఏమనాలో నాకూ తోచలేదమ్మా. పుస్తకాల్లో ప్రమాణాలన్నీ నేనే రాశాను. ఇలాంటిదానికి ఏం చెయ్యాలో మాత్రం రాయలేదు."

సింధూరికి ఏడుపు వచ్చింది, ఏడుపులోనే ఒక మాటా తట్టింది. "ఎండీగారికి ప్లాంటు అక్కర్లేదు గానీ పురస్కారం కావాలండీ, కొనుగోలుదార్లకి చూపించుకోవాలి. పరిశీలన ఇంకా పూర్తి కాలేదు, ప్లాంటులో నీళ్ళు వచ్చాక వచ్చి చూస్తాం అని చెప్పండి. ఇస్తామని చెప్పొద్దు. చూస్తామని చెప్పండి చాలు."

"ఇది ప్రమాణమా, బేరమా?"

"నాకు తెలియదండీ."

గౌరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూస్తామనడం అబద్ధం కాదు. చూస్తాం. నీళ్ళొస్తే ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిద్దాం. కానీ నీ పేరు పక్కన పెట్టక తప్పదు. సభ్యత్వం కూడా."

"తెలుసండీ" అంది సింధూరి. తెలుసు కదా అని బాధ తగ్గలేదు. దారంతా ఏడుస్తూనే వచ్చింది.

నీళ్ళొచ్చాకే వచ్చి చూస్తామన్న కబురు ఎండీకి చేరిన వారంలోనే ఉత్తుంగ ఫుడ్స్ సింధూరిని మార్చి విశాఖ ఏజెన్సీ ఒకదాన్ని పెట్టుకుంది. ఎందుకని ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఒప్పు చేసినందుకు పోయిందా, తప్పు చేసినందుకు పోయిందా అని మాత్రం కుర్చీలో కూర్చుని పదేపదే ఆలోచించేది. ధర్మారావు ఓదార్చబోయి, ఏమని ఓదార్చాలో తెలియక పేపరు ఆమె చేతిలో పెట్టేవాడు. కల్వర్టు అర్జీలవాళ్ళు మాత్రం యథాప్రకారం వస్తూనే ఉన్నారు.

ఒకరోజు పొద్దున్న ధర్మారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఒసే సింధూరీ! పడ్డాదే! దిబ్బలపేట ప్లాంటు ప్రారంభం!"

ఆమె పేపరు లాక్కుంది. జిల్లా పేజీలో పైనే ఉంది. ఎండీ యుగంధర్ రిబ్బను కత్తిరించారు. మహిళలు మంగళహారతులు పట్టారు. తాగునీటి కష్టాలు తీరాయని గ్రామస్తులు ఆనందబాష్పాలు రాల్చారు. ఫోటోలో ఎండీ కత్తెర పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ నోట్‌లో ప్రతి వాక్యం ఎలా పుడుతుందో, ఏ వేళకి డెస్కు చేరుతుందో సింధూరికి తెలుసు. రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. ఫోటోలో నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసింది.

"జరిగిందంటావా మావయ్యా?"

"పేపర్లో పడ్డాది కదే" అన్నాడు ధర్మారావు. అన్నాక, ఆయన ముఖంలోనూ అనుమానం కనబడింది. 

సింధూరి చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. భోగాపురం బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో దిబ్బలపేట చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరి మొదట్లో నీలిరంగు రేకుల షెడ్డు ఉంది. దాని ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, కొందరి చేతుల్లో బిందెలు, కొందరి చేతుల్లో ప్లాస్టిక్ క్యాన్లు. వరసను బట్టి ఏమీ చెప్పలేం. ట్యాంకరు కోసమూ ఇలాగే నిలబడేవారు. ముందు నిలబడ్డవాళ్ళ భుజాలు అడ్డొచ్చి కొళాయి కనబడలేదు.

దుర్గాభవాని ఆమెను చూసింది. పలకరించలేదు. కాసేపు చూసి చూసి, దగ్గరకొచ్చింది.

"ఏటమ్మా, ఇలగొచ్చినావు? పేపర్లో పడ్డాది, సూడనేదేటి?"

"చూశాను."

"మరేటి?"

"నమ్మకం కుదర్లేదు" అంది సింధూరి. "ఇన్నాళ్ళూ అలా రాసింది నేనే కదా."

దుర్గాభవాని ఆమె ముఖంలోకి చూసింది. తిట్టబోయినదల్లా ఆగి, వరసను తోసుకుని వెళ్ళి, ఎవరి చేతిలోదో స్టీలు గ్లాసు లాక్కుని కొళాయి కింద పట్టి తెచ్చింది. సింధూరి రెండు చేతులతో అందుకుంది. మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని కాసేపు మింగలేదు. తర్వాత గ్లాసు ఖాళీ చేసి, ఇంకొకటి కావాలని అడిగింది.